52లోంచి 27 తీస్తే 35: ఒక తప్పు జవాబు వెంట రెండేళ్లు

పదకొండు బడుల ఐదో తరగతి గణితం జవాబు పత్రాలు ఆ రోజు నా బల్ల మీద ఉన్నాయి. మార్కులు అప్పటికే యాప్‌లో ఎక్కించారు. ఇక కట్టగట్టి బీరువాలో పెట్టడమే మిగిలింది. కట్టే ముందు ఒకసారి తిరగేద్దామని కూర్చున్నవాడిని మధ్యాహ్న భోజనం గంట కొట్టినా లేవలేకపోయాను. మూడో పత్రంలో 52 – 27 = 35 అని ఉంది. తొమ్మిదో పత్రంలోనూ అదే. ఇంకో ఊరి కట్ట విప్పితే అక్కడా 35. ఒకరిని చూసి ఒకరు రాశారనుకోవడానికి వీల్లేదు, ఆ రెండు ఊళ్ల మధ్య పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం ఉంది.

ఆ జవాబు ఎలా వచ్చిందో గణితం చెప్పేవారికి వెంటనే తెలుస్తుంది. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశారు, 5 వచ్చింది. 5లోంచి 2 తీశారు, 3 వచ్చింది. పిల్లవాడు అశ్రద్ధగా రాసింది కాదది. 'పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలి' అనే నియమాన్ని వాడు శ్రద్ధగా పాటించాడు. ఆ నియమాన్ని మొదటి తరగతిలో మనమే నేర్పాం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం రావాలని కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం 99 లోపు తీసివేతలు రెండో తరగతి ముగిసేసరికి రావాలి. వీళ్లు ఐదో తరగతి పిల్లలు. పైగా వీళ్లలో ఎక్కువ మందికి ఆ పరీక్షలో 'A' గ్రేడు వచ్చింది.

తీసివేత రాని పిల్లవాడికి 'A' గ్రేడు ఎలా వచ్చిందన్న ప్రశ్న వెంట మేము రెండేళ్లు నడిచాం. అందులో ఏం చేశామో, ఎక్కడ పొరబడ్డామో ఇలాంటి పని చేస్తున్న తోటివారి కోసం రాస్తున్నాను.

మా బడులు

మాది పశ్చిమ ప్రకాశం, మార్కాపురం వైపు. మేము ఈ పని మొదలుపెట్టినప్పుడు జిల్లా కేంద్రం ఒంగోలు, దాదాపు 100 కిలోమీటర్లు. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఉన్నత పాఠశాలే స్కూల్ కాంప్లెక్స్ కేంద్రం, దాని కింద పదకొండు ప్రాథమిక పాఠశాలలు. దగ్గర దగ్గర బడులను ఒక ఉన్నత పాఠశాల చుట్టూ జతకట్టి, ఒకరికొకరు అకడమిక్ సాయం చేసుకునేలా చూడాలన్న ఆలోచన 1964–66 నాటి కొఠారి కమిషన్‌ది. అది కాగితం మీద ఎంత బాగుంటుందో, మనసు పెడితే నేల మీద కూడా అంత బాగుంటుందని నా నమ్మకం.

ఈ పదకొండింటిలో నాలుగు ఏకోపాధ్యాయ పాఠశాలలు. బయటివారికి ఆ మాట బరువు తెలియదు కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి. మొత్తం 18. వాటన్నిటికీ ఒకే ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు చెప్పింది. ఆ 800 గంటలను ఐదు తరగతులకు పంచితే, టీచర్ నేరుగా ఎదుట నిలబడి చెప్పే సమయం ఒక్కో తరగతికి 160 గంటలు. దాన్ని నాలుగు సబ్జెక్టులకు పంచితే గణితానికి ఏడాదంతా కలిపి 40 గంటలు. పాఠ్యపుస్తకం మాత్రం అందరికీ ఒకటే, పరీక్ష తేదీ అందరికీ ఒకటే.

రెండో సంగతి వలస. సంక్రాంతి దాటగానే మా వైపు నుంచి చాలా కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళ్తాయి. అవ్వ, తాత దగ్గర ఉండగలిగిన పిల్లలు ఉంటారు, సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు అందులో చేరతారు, మిగతావారు అమ్మానాన్నల వెంట పోతారు. అంటే పుస్తకంలో చివరి మూడో వంతు ఈ పిల్లలకు ఏటా అందదు. ఏటా అదే మూడో వంతు.

మూడు రిజిస్టర్లు

బడిలో మూడు లెక్కలు నడుస్తాయి. సిలబస్ ఎంత పూర్తయిందన్నది ఒకటి. పాఠ్య ప్రణాళికలు, పీరియడ్ ప్లాన్లు రాశారా లేదా అన్నది రెండోది. మార్కులు ఎక్కించారా అన్నది మూడోది. మూడూ సక్రమంగానే ఉన్నాయి మా దగ్గర. సిలబస్ పూర్తయింది, ప్లాన్ల మీద సంతకాలు ఉన్నాయి, మార్కులు గడువులోగా చేరాయి. ఈ మూడింటినీ ఒకే బల్ల మీద, ఒకే రోజు, ఒకే మనిషి పక్కపక్కన పెట్టి చూడడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. బడికి వెళ్లినప్పుడు నేనూ 'సిలబస్ ఎంతవరకు వచ్చింది?' అనే అడిగేవాడిని. పిల్లలకు ఎంతవరకు వచ్చిందని అడగలేదు.

ఇక 'A' గ్రేడు సంగతి. మేము ఈ పని మొదలుపెట్టినప్పటి పద్ధతిలో ఏడాది మధ్యలో జరిగే ఒక్కో నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఎఫ్ఏ) 50 మార్కులు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. మొదటి మూడింటి ఉద్దేశం చాలా గొప్పది. ఒక్క పరీక్షతో పిల్లవాణ్ణి తూచకూడదన్నది దాని సారం. కానీ ఐదు తరగతులు ఒంటరిగా చూసే టీచర్ ప్రతి పిల్లవాడి ప్రతిస్పందనను ఎప్పుడు గమనిస్తారు, ఎప్పుడు రాసుకుంటారు? అందరికీ తొమ్మిదో పదో పడతాయి. అలా 30కి 27 పరీక్ష రాయకముందే చేతిలో ఉంటాయి. లఘు పరీక్షలో తీసివేతకు ఉన్నవి రెండు మార్కులు. అవీ, ఇంకో రెండు మార్కులూ పోయినా 27, 16 కలిపి 43 వస్తాయి, 50కి 43 అంటే 'A' గ్రేడు. ఇందులో టీచర్ మోసం లేదు, పిల్లవాడి మోసం లేదు. 35 మాత్రం కట్టలో మూతబడి బీరువాలోకి వెళ్లిపోతుంది.

మొదట చేసిన పొరపాటు

ఈ సంగతి అర్థం కాగానే నేను చేసిన పని, ఒక పట్టిక తయారుచేయడం. పద్నాలుగు గడులు. ప్రతి పిల్లవాడి పేరు, ప్రతి ప్రశ్న, తప్పు రకం, కారణం, చేపట్టిన చర్య. పదకొండు బడులకూ పంపాను. అన్నీ నిండి వచ్చాయి. ఆ నెల కాంప్లెక్స్ సమావేశంలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాల మేడం లేచి నిలబడి, గొంతు పెంచకుండానే అన్నారు: "సార్, ఈ పట్టిక నింపడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రెండు మధ్యాహ్నాలూ పిల్లలు పలకల మీద బొమ్మలు గీసుకున్నారు. దీనివల్ల మీకేమైనా తెలిసి ఉంటే చెప్పండి సార్, నాకైతే ముందు తెలియనిది ఏమీ తెలియలేదు."

నేను నిజంగా బాధపడ్డాను. ఆవిడ గణితానికి ఉన్న 40 గంటల్లోంచి కొన్నింటిని నేనే తీసుకున్నాను. ఆ పట్టికను ఆ రోజే ఉపసంహరించుకున్నాను. నాలుగో రిజిస్టర్ ఒకటి చేర్చడం ఎవరికీ పనికిరాదని నాకు నేర్పింది ఆ మేడమే.

నోటు పుస్తకాల సమావేశం

తర్వాతి నెల నుంచి సమావేశానికి ఎవరూ రిపోర్టు తేవద్దన్నాను. ప్రతి బడి నుంచి ఐదు పత్రాలో నోటు పుస్తకాలో తెమ్మన్నాను. హాజరు పట్టికలో పేరు ఎక్కడ తగిలితే అక్కడ, మంచివి ఏరకుండా. బెంచీల మీద పరిచాం. మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదు, ఒకరి బడివి ఒకరు చదవాలి. తర్వాత మాట్లాడుకునేది రెండే విషయాలు: పిల్లవాడు ఏమనుకొని ఇలా రాశాడు? దీనికోసం వచ్చే నెల ఏ పాఠం ఆగాలి?

మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. 35 అని రాసిన పత్రాల్లో కొన్నింటిలో 52లోని 2 పక్కన చిన్న 1 వేసి ఉంది. అంటే ఆ పిల్లవాడు 2లోంచి 7 పోదని గుర్తించాడు, పది తెచ్చుకున్నాడు, 12లోంచి 7 తీసి 5 రాశాడు. కానీ పదుల స్థానంలో 5ను 4 చేయడం మరిచిపోయి 5 – 2 = 3 రాశాడు. జవాబు మళ్లీ 35! బీరువా ముందు కూర్చున్న రోజు నేను చూసింది ఒకే తప్పు. నిజానికి అవి రెండు, ఒకే అంకె వేషంలో. మొదటి పిల్లవాడికి పదుల విడదీత అన్నదే తెలియదు. రెండోవాడికి ముప్పావు వంతు తెలుసు. ఇద్దరికీ ఒకే ఎర్ర గీత పడింది, ఇద్దరికీ ఒకే 'మళ్లీ నేర్చుకో'.

దీన్ని పట్టింది పదవీ విరమణకు దగ్గరలో ఉన్న, ప్రాథమిక తరగతులకు చెప్పే ఒక ఎస్‌జీటీ సారు. ఆయన సుద్దముక్క తీసుకొని బోర్డు మీద 53 – 27 వేశారు. అంకెలు తిప్పి తీసే పిల్లవాడికి 34 వస్తుంది. పది తెచ్చుకొని తగ్గించడం మరిచేవాడికి 36 వస్తుంది. సరైన జవాబు 26. ఒక్క అంకె మార్చగానే ప్రశ్న మాట్లాడడం మొదలుపెట్టింది. ప్రశ్నపత్రం తయారీ మీద ఎన్నో శిక్షణలకు వెళ్లినవాడిని. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నంత వాటిలో నేర్చుకోలేదు.

'అప్పు' అనే మాట

ఆ రోజే ఇంకో మాట వచ్చింది. తీసివేతలో 'పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకో' అని మనమంతా చెబుతాం. మాకూ మా సార్లు అలాగే చెప్పారు. ఒక బడిలో నాలుగో తరగతి అబ్బాయి అడిగాడట, "సార్, తెచ్చిన అప్పు మళ్లీ ఎప్పుడు కట్టాలి?" అని. ఆ ప్రశ్న మా పిల్లలకు ఎంత సహజమో చెప్పనక్కర్లేదు. అప్పు తెస్తే కట్టాలి, కట్టకపోతే ఏమవుతుందో ఇంట్లో చూస్తూనే ఉంటారు. కానీ ఈ తీసివేతలో తిరిగి కట్టేది లేదు. అసలు అప్పే లేదు. ఉన్న పదుల్లో ఒకదాన్ని ఒకట్లుగా విడదీస్తున్నాం, అంతే. మన మాటే పిల్లవాణ్ణి తప్పుదారి పట్టిస్తోంది.

తప్పుదారి పట్టించిన ఆ మాటను కంది పుల్లలతో సరిచేశాం. మా పొలాల్లో కంది కోత అయ్యాక కట్టెకు కొదవ ఉండదు. జానెడు ముక్కలుగా విరిచి, పదేసి పుల్లలు నారతో కట్టలు కట్టించాం. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. '27 నాకివ్వు' అంటే పిల్లవాడు రెండు కట్టలు వెంటనే ఇస్తాడు. ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. అక్కడ ఆగుతాడు. మన ముఖం చూస్తాడు. మనం ఏమీ చెప్పకూడదు, అదే కష్టం. కొంతసేపటికి కట్ట వైపు చూస్తాడు, నార ముడి మీద వేలు పెడతాడు, 'విప్పనా?' అంటాడు. ఆ క్షణం కోసమే ఇదంతా. ఒక అమ్మాయి అడగనైనా అడగకుండా పళ్లతో ముడి విప్పింది.

అప్పటి నుంచి పదకొండు బడుల్లోనూ 'అప్పు' మాట మానేశాం. అందరం 'కట్ట విప్పు' అన్నాం. ఒకే మాట అన్ని బడుల్లో, అన్ని తరగతుల్లో ఉండాలని పట్టుబట్టాను. మూడో తరగతిలో ఒక సారు ఒకటి, నాలుగులో మేడం ఇంకొకటి చెబితే పిల్లవాడు ప్రతి జూన్‌లో కొత్త భాష నేర్చుకోవాల్సి వస్తుంది. పీరియడ్ ప్లాన్ ఎవరికి నచ్చినట్టు వారు రాసుకోవచ్చు, దాని జోలికి నేను పోలేదు.

రెండో సాధనం పలక. మార్కాపురం పలకలు ఒకప్పుడు ఎన్నో ఊళ్ల బడుల్లో ఉండేవి. నోటు పుస్తకాలు వచ్చాక మా పిల్లల చేతుల్లోనే తగ్గిపోయాయి. వాటిని మళ్లీ తెప్పించాం. నోటు పుస్తకంలో తప్పు సాయంత్రం దిద్దేటప్పుడు గానీ కనబడదు, అప్పటికి పిల్లవాడు ఇంటికి వెళ్లిపోతాడు. పలక అయితే 'ఎత్తండి' అనగానే ఇరవై మంది జవాబులు ఒక్కసారిగా ఎదుట నిలుస్తాయి. 34 ఎవరిదో, 36 ఎవరిదో అక్కడికక్కడే తెలుస్తుంది. బోర్డును రెండు నిలువు గీతలతో విడదీసి మూడు, నాలుగు, ఐదు తరగతులకు మూడు లెక్కలు వేస్తే ఏకోపాధ్యాయ పాఠశాలలోనూ ఇది సాగుతుంది.

మాటల లెక్కల్లో ఇంకో చిక్కు ఉంది. 'ఒకరి దగ్గర 53 గోలీలు, ఇంకొకరి దగ్గర 27. మొదటివారికి ఎన్ని ఎక్కువ?' అని అడిగితే చాలామంది 80 అని రాశారు. 'ఎక్కువ' అన్న మాట చూసి కూడేశారు. ద్విభాషా పాఠ్యపుస్తకంలో అదే లెక్క పక్క పేజీలో ఇంగ్లిషులోనూ ఉంటుంది. ఏ భాషలో చదివినా, ముందు లెక్కను తన మాటల్లో చెప్పించకుండా పెన్సిలు పట్టనివ్వకూడదని అనుకున్నాం.

పాఠాల వరస

రాష్ట్ర అకడమిక్ క్యాలెండర్‌ను మార్చే అధికారం మాకు లేదు, ఉండాలని కోరుకోవడమూ లేదు. కానీ వార్షిక ప్రణాళికలో ఏ పాఠం ముందు, ఏది వెనుక అన్నదాంట్లో కొంత చోటు ఉంది. మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) గారితో మాట్లాడి ఆ చోటును వాడుకున్నాం. మేము వేసుకున్న కొలమానం ఒక్కటే: ఏ పాఠం తప్పిపోతే తర్వాత మళ్లీ దొరుకుతుంది, ఏది పోతే దొరకదు? దత్తాంశ పట్టికలు, చిత్రాల పాఠం మార్చిలో తప్పిపోయినా వచ్చే ఏడాది అందుకోవచ్చు. భాగహారం పోతే భిన్నాలు పోతాయి, ఆపైన ఆరో తరగతిలో దశాంశాలు నిలవవు. అందుకే భాగహారాన్ని సంక్రాంతికి ముందుకు తెచ్చాం. జూన్, జూలైల్లో మూడు నుంచి ఐదు తరగతులకు మూడు వారాలు స్థాన విలువకూ తీసివేతకూ కేటాయించాం.

దీనికి మూల్యం చెల్లించాం. వెనక్కి జరిపిన పాఠం మీద పై నుంచి వచ్చిన పేపరులో ప్రశ్నలు ఉన్నాయి. మా పిల్లలు ఆ పాఠం ఇంకా చదవలేదు. దానికి తోడు మా టీచర్లు ఆ 30 మార్కులను చూసి వేయడం మొదలుపెట్టారు. కాంప్లెక్స్ సగటు పడిపోయింది. ఎందుకు పడిందని ఒక పై అధికారి అడిగారు. పాత పత్రాల కట్ట, కొత్త పత్రాల కట్ట పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఓపికగానే చూశారు, 'మార్కులు మాత్రం తగ్గకుండా చూసుకోండి' అన్నారు. ఆ వారం ఇద్దరు టీచర్లు పాత పద్ధతికి వెళ్దామని అడిగారు. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. తగ్గిన మార్కులకు బాధ్యత నాదని కాగితం మీద రాసి, సంతకం చేసి ప్రతి బడికీ ఇచ్చాను. బహుశా మొత్తం పనిలో ఉపయోగపడిన ఒకే ఒక్క ఉత్తర్వు అదే.

మా సొంత పరీక్ష ఒకటి పెట్టుకున్నాం. ఆరు వారాలకోసారి, పది ప్రశ్నలు, ఐదు నోటితో, ఐదు రాతతో. మార్కులు లేవు, యాప్ లేదు. బహుళైచ్ఛిక ప్రశ్న వేస్తే ఆప్షన్లు పిల్లల తప్పుల్లోంచే తీస్తాం: 53 – 27కు 26, 34, 36, 80. 34 పెట్టినవాడు రేపు పుల్లల దగ్గరికి వెళ్లాలి. 36 పెట్టినవాడికి పదుల అంకె కొట్టేసి తగ్గించి రాసే అలవాటు చాలు. 80 పెట్టినవాడిని పక్కన కూర్చోబెట్టుకొని గుర్తునో, ప్రశ్ననో మళ్లీ చదివించాలి.

రెండేళ్లకు

మూడు, నాలుగు తరగతుల్లో ఆ తప్పు చాలా బడుల్లో అరుదైపోయింది. ఐదో తరగతిలో అంత తేలిగ్గా పోలేదు. నాలుగేళ్లు పాతుకుపోయిన నియమం మూడు వారాల్లో ఊడి రాదు. రెండు బడుల్లో దాదాపు ఏ మార్పూ లేదు. ఒకదానిలో టీచర్ చాలా నెలలు సర్దుబాటు మీద వేరే బడిలో పనిచేశారు. రెండోదానికి నేను తగినన్నిసార్లు వెళ్లలేదు, అది నా లోపం. వలస వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక మార్చి నాటి పాఠాలు లేకపోయినా భాగహారం చేతిలో ఉంది. వాళ్లలో కొందరు ఇప్పుడు మా ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో ఉన్నారు, రోజూ చూస్తున్నాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది బదిలీలు. ఆ రోజు లేచి మాట్లాడిన మేడం వేసవిలో వేరే మండలానికి వెళ్లారు. వెళ్లేవారు కొత్తవారికి బడిని అప్పగించేటప్పుడు రాసే చార్జి లిస్టు చూశాను. బెంచీలు, బీరువా, బియ్యం నిల్వ, టీవీ, పాఠ్యపుస్తకాలు అన్నీ లెక్కతో ఉన్నాయి. పిల్లల్లో ఎవరికి ఏం వచ్చు అన్నది ఆ లిస్టులో ఎక్కడా లేదు. కొత్తగా వచ్చే సారు జూన్‌లో మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవాలి, ఆ తెలుసుకోవడంలో ఆగస్టు వస్తుంది. మేడంను అడిగాను. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకొని ఒక్కో పిల్లవాడికి ఒక్కో వాక్యం రాసి చార్జి లిస్టుకు గుండుసూదితో గుచ్చారు. ఇప్పుడు కాంప్లెక్స్‌లో బడి మారే ప్రతి ఒక్కరూ ఆ కాగితం రాస్తున్నారు.

జూన్ మూడో వారంలో ఆ బడికి వచ్చిన కొత్త సారు ఫోను చేశారు. "సార్, ఈ కాగితంలో ఒకమ్మాయి పేరు ఎదురుగా 'కట్ట విప్పడం వచ్చు, మధ్యలో సున్నా ఉంటే ఆగిపోతుంది' అని ఉంది. ఇవాళ 402 – 167 ఇచ్చాను. నిజంగా సున్నా దగ్గరే ఆగింది సార్. పదుల్లో కట్టలే లేవు కదా, దేన్ని విప్పాలి అని అడిగింది."

ఏం చెప్పారని అడిగాను.

"ఏమీ చెప్పలేదు సార్. పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట కట్టమన్నాను. అలాంటివి నాలుగు కావాలి. పుల్లలు చాలలేదు, రేపు పిల్లలు తెస్తామన్నారు."